బఠానీ గింజకన్నా చిన్న బిరడా

కురుపాం కొండల్లో ఏడో నెలకే పుట్టిన బిడ్డకు గుండె పక్కన రక్తనాళం మూసుకోలేదని తెలియాలంటే ముందు చాలా జరగాలి. తల్లి డోలీలోనో ఆటోలోనో రోడ్డు దాకా రావాలి, 108 అందాలి, బిడ్డను వెచ్చటి పెట్టెలో పెట్టాలి, ఎకో తీసే చెయ్యి దొరకాలి. ఇన్నీ అయ్యాక, మందులకూ లొంగకపోతే అప్పుడు పని పడుతుంది పికొలో అనే బిరడాతో. నికెల్, టైటానియం కలిపిన తీగలతో అల్లింది. బఠానీ గింజకన్నా చిన్నది.

కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తులకు పని లేదు. అందుకే వాటికి వెళ్లే ధమనినీ, ఒంటికి రక్తం పంపే బృహద్ధమనినీ కలుపుతూ ఒక అడ్డదారి ఉంటుంది. డక్టస్ అంటారు. నిండు నెలల బిడ్డ పుట్టి ఊపిరి తీయగానే రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుంది, ఆ దారిని తెరిచి ఉంచిన ప్రోస్టాగ్లాండిన్ తగ్గుతుంది, రెండు మూడు రోజుల్లో నాళం బిగుసుకుని మూసుకుపోతుంది. నెలలు నిండని బిడ్డలో ఆ కండరం ఇంకా ముదరదు. ఒంటికి పోవాల్సిన రక్తం పక్కకు మళ్లి ఊపిరితిత్తుల్లోకి పొర్లుతుంది. వెంటిలేటర్ తీయలేరు. పేగులకూ మూత్రపిండాలకూ రక్తం చాలదు.

పెద్ద పిల్లల్లో అయితే స్టెతస్కోపుకే దొరికిపోతుంది. ఆగకుండా యంత్రం తిరిగినట్టుండే ఆ చప్పుడును ఎడిన్‌బరో వైద్యుడు జార్జి గిబ్సన్ 1900లోనే వర్ణించాడు. నెలలు నిండని బిడ్డలో ఆ చప్పుడు ఒక్కోసారి ఉండనే ఉండదు. అప్పుడు అనుభవమున్న నర్సు బిడ్డ అరచేతిలో వేలి కొన ఆనించి చూస్తుంది. మామూలుగా అక్కడ నాడి తెలియదు. డక్టస్ పెద్దగా తెరుచుకుని ఉంటే ఆ చిన్న అరచెయ్యి టకటకా కొట్టుకుంటూ ఉంటుంది.

దీన్ని మొదట కత్తితోనే జయించారు. 1938 ఆగస్టు 26న బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే యువ సర్జన్ ఏడేళ్ల పాప ఛాతీ తెరిచి ఆ నాళానికి ముడి వేశాడు. పై డాక్టరు సెలవు మీద ఊళ్లో లేని సమయం చూసుకుని చేశాడని చెబుతారు. పాప బతికింది, పద్ధతి నిలిచింది. కానీ కిలో బరువు లేని బిడ్డకు ఛాతీ కోయడం చిన్న విషయమా?

కోత లేకుండా మూయవచ్చని 1967లో తూర్పు బెర్లిన్ వైద్యుడు వెర్నర్ పోర్స్ట్‌మాన్ చూపించాడు. తొడ ధమని గుండా స్పాంజి లాంటి ప్లాస్టిక్ బిరడాను పంపాడు. దానికి లావుపాటి గొట్టం కావాలి, కాబట్టి పెద్దవాళ్లకూ, కాస్త పెద్ద పిల్లలకూ మాత్రమే పనికొచ్చింది. 1979లో ఫిలడెల్ఫియాలో విలియం రాష్‌కైండ్ కొక్కేలున్న చిన్న గొడుగుతో మూడున్నర కిలోల బిడ్డ దాకా వచ్చాడు. ఇక్కడినుంచి ఈ పరికరం చరిత్ర అంతా చిక్కిపోవడమే. ఎంత సన్నబడితే అంత చిన్న బిడ్డకు అందుతుంది.

సన్నబడడానికి కావాల్సిన లోహం అమెరికా నౌకాదళపు ఆయుధ ప్రయోగశాలలో దొరికింది. అక్కడ విలియం బ్యూలర్ 1959 ప్రాంతంలో క్షిపణి ముక్కుకు పనికొచ్చే మిశ్రమాల కోసం వెతుకుతున్నాడు. అలా చేతికొచ్చిన నికెల్–టైటానియం మిశ్రమమే నైటినాల్. తర్వాత ఒక సమావేశంలో మడతలు పెట్టిన దాని పట్టీని చేతులు మార్చుకుంటూ చూస్తున్నారు. డేవిడ్ మజీ అనే అధికారి ఊరికే ఉండలేక పైపు వెలిగించుకునే లైటర్ మంట దానికి తగిలించాడు. పట్టీ మడతలు విప్పుకుని తిన్నగా సాగింది! వంచినా తన పాత ఆకారం మర్చిపోని లోహమన్నమాట. క్షిపణుల చుట్టూ తిరిగిన లోహవిద్య గుండెకు చేరడం మనకూ కొత్త కాదు. హైదరాబాద్‌లో 1990ల్లో క్షిపణి శాస్త్రవేత్త అబ్దుల్ కలాం, గుండె వైద్యుడు సోమరాజు చేతులు కలిపితే కలాం–రాజు స్టెంట్ పుట్టింది ఆ బంధంతోనే.

ఆస్ట్రియాలో పుట్టి మిన్నెసోటాలో స్థిరపడ్డ రేడియాలజిస్టు కర్ట్ ఆంప్లాట్జ్ ఆ తీగలతో బిరడాలు అల్లించాడు. గొట్టంలోకి లాగితే సన్నటి గీతలా సాగుతుంది, బయటికి తోస్తే మళ్లీ ఉబ్బుతుంది. మొదటి బిరడాల్లో లోపల పాలిస్టర్ గుడ్డ కుట్టేవారు. పికొలోలో గుడ్డ తీసేశారు, రెండు వైపుల బిళ్లలను నడుం కంటే కాస్తే వెడల్పుంచి నాళం లోపలే ఇమిడేలా చేశారు. బిళ్ల బయటికి పొడుచుకొస్తే పక్క ధమనికి అడ్డం పడుతుంది మరి. నడుం 3 నుంచి 5 మిల్లీమీటర్లు. గొట్టం ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. తొడ సిర గుండా, ధమని జోలికి పోకుండా, ఎకోలో చూస్తూ అమరుస్తారు. సరిగ్గా కూర్చుంటేనే కేబుల్ మర తిప్పి వదులుతారు, లేకపోతే వెనక్కి లాగేస్తారు. కనీసం 700 గ్రాముల బరువు, మూడు రోజుల వయసు ఉన్న బిడ్డలకు 2019 జనవరిలో అమెరికా అనుమతి ఇచ్చింది. అక్కడి అధ్యయనంలో రెండు కిలోల లోపు వంద మందిలో 99 మందికి అమర్చగలిగారు.

ఈ వంశంలో ఒక తెలుగు పేరూ ఉంది. హైదరాబాద్ పిల్లల గుండె వైద్యుడు కోనేటి నాగేశ్వరరావు, డక్టస్ కోసం చేసిన ఆంప్లాట్జర్ బిరడాతోనే గుండె కింది గదుల మధ్య రంధ్రాలు మూసి ఆ అనుభవాన్ని 2012లో ప్రచురించారు. తర్వాత ఆయనే రూపకల్పన చేసిన కోనార్ బిరడాను చైనాలోని షెన్‌జెన్ కంపెనీ తయారుచేస్తోంది, 2018లో యూరప్ అనుమతి వచ్చింది. రెండు కొసలకూ మర ఉండడం దాని సుగుణం, సిర వైపు నుంచైనా ధమని వైపు నుంచైనా పంపవచ్చు. అయితే అది ఏడొందల గ్రాముల బిడ్డ కోసం చేసింది కాదు.

ఇక అసలు సంగతి. నెలలు నిండని బిడ్డల్లో చాలామందికి బిరడా అక్కర్లేదు. 1976లో ఇండోమెథాసిన్ మందుతో నాళం మూసుకోవడం చూశారు, తర్వాత ఐబుప్రొఫెన్ వచ్చింది. 2011లో జెరూసలేం వైద్యులు మనింట్లో జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ కూడా ఆ పని చేస్తుందని రాశారు. కొంతమందిలో ఏ మందూ లేకుండా కాచుకుని చూసినా నష్టం లేదని 2023లో ఐరోపా అధ్యయనం ఒకటి తేల్చింది. నన్నడిగితే కురుపాంకు సంబంధించినంతవరకు పైపు లైటర్ కన్నా పారాసిటమాలే పెద్ద మలుపు. బిరడా అమర్చే క్యాథ్ ల్యాబ్ కొండెక్కదు, బిడ్డే దిగాలి, ఆ దారిలో చలి బిరడా కన్నా ముందే లెక్క తేల్చేస్తుంది.

ఇంకో మలుపు బిడ్డ పుట్టకముందే ఉంది. నెలలు నిండకుండా నొప్పులొచ్చిన తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ముదురుతాయని 1972లో న్యూజిలాండ్ వైద్యులు లిగిన్స్, హౌవీ చూపించారు. డక్టస్ తెరిచి ఉండిపోవడమూ దానితో తగ్గుతుంది. 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొస్తే, పెద్దాసుపత్రికి పంపేముందు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మొదటి మోతాదును ఊరి నర్సు ఏఎన్‌ఎం ఇవ్వవచ్చని కేంద్రం 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. మిగతా మోతాదులు, వెచ్చని పెట్టె, ఊపిరి సాయం ఆసుపత్రిలో అందాలి. అవి లేనిచోట ఒక్క సూదితో మేలు జరుగుతుందన్న నమ్మకం లేదు, నష్టమే జరగవచ్చని 2015లో వచ్చిన పెద్ద అధ్యయనం హెచ్చరించింది. కాబట్టి ఏఎన్‌ఎం సూది వేసే ముందు 108కు ఫోన్ చేసి, బండి ఎంతసేపట్లో వస్తుందో అడగాలి.