అదురుతూ నడిచే ఇంజిన్: లోపాన్ని గుర్తించే క్రమం

నాలుగు స్ట్రోక్‌ల ఇంజిన్ పనిచేసే తీరు మీకు తెలుసు. దానిని ఇప్పుడు ఒక పాత వాహనానికి అన్వయిద్దాం. అమెరికాలో 1960ల చివర తయారైన ఫోర్డ్ ఎఫ్-100 పికప్ ట్రక్కును ఉదాహరణగా తీసుకోండి. అందులో 300 ఘనపు అంగుళాల, అంటే సుమారు 4.9 లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజిన్ ఉందనుకుందాం. 1965లో వచ్చిన ఈ ఇంజిన్ 1996 వరకు తయారయింది. మన ట్రక్కు కాలంలో దానికి కార్బురేటర్, కాంటాక్ట్ పాయింట్లు మాత్రమే. లోపాన్ని చూపే కంప్యూటర్ లేదు. తర్కించాల్సింది మీరే.

ఆగి ఉన్న బండి అదురుతోందనగానే చాలామంది చెయ్యి కార్బురేటర్ మీదికి పోతుంది. ఇది తొందరపాటు. లోపం ఇంకెక్కడో ఉంటే, స్క్రూ తిప్పడం వల్ల రెండో లోపం తోడవుతుంది. ఆ తర్వాత ఏది దేనివల్లో తేల్చడం కష్టం.

మొదట వినండి. ఐడ్లింగ్ వేగం నిమిషానికి 600 చుట్లు అయితే, ప్రతి సిలిండర్ రెండు చుట్లకొకసారి, అంటే సెకనుకు అయిదుసార్లు మండాలి. అదురు ఒకే లయలో తిరిగి వస్తుంటే ఒక సిలిండర్ పనిచేయడం లేదని అనుమానించాలి. మన మెకానిక్‌లు ‘మిస్సింగ్’ అనేది దీన్నే. లయ లేకుండా తడబడుతుంటే లోపం అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉన్నచోట, అంటే పాయింట్లు, కాయిల్, ఇంధన మిశ్రమం వంటి వాటిలో, వెతకాలి.

లయ ఉంటే ఏ సిలిండరో కనుక్కోవాలి. ఇంజిన్ ఆపి, ఒక ప్లగ్ తీగ తీసి, దాని కొనను క్లిప్పుతో ఇంజిన్ లోహానికి కలిపి, మళ్లీ స్టార్ట్ చేయండి. నడుస్తుండగా చేత్తో లాగవద్దు. అందులో వేల వోల్టులుంటాయి. వేగం పడిపోతే ఆ సిలిండర్ మంచిదే. ఏ మార్పూ లేకపోతే దొంగ దొరికినట్టే. ఇక ఆ ప్లగ్, తీగ చూడండి. తీగలు 1-5-3-6-2-4 క్రమంలో ఉన్నాయో లేదో కూడా సరిచూడండి. ఇటీవల ఎవరైనా తీగలు మార్చి ఉంటే ఇదే ముందు చూడాలి.

స్పార్క్ బాగుంటే కంప్రెషన్ కొలవండి. ప్లగ్‌లన్నీ తీసి, కాయిల్ కనెక్షన్ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఇంజిన్ తిప్పాలి. అత్యల్ప విలువ అత్యధిక విలువలో 75 శాతానికి తగ్గకూడదు. తగ్గిన సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. విలువ పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులు గాని హెడ్ గాస్కెట్ గాని చూడాలి.

లయలేని తడబాటు వేగం పెంచగానే తగ్గిపోతే గాలి లీకు కావచ్చు. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఎక్కువ, అందుకే లీకు ప్రభావం అప్పుడే ఎక్కువ. వాక్యూమ్ గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. రబ్బరు గొట్టం ఒక కొన చెవి దగ్గర పెట్టి, రెండో కొనను గాస్కెట్ వెంట జరిపితే ‘స్స్’మనే శబ్దం పట్టిస్తుంది. కార్బురేటర్ క్లీనర్ చల్లి చూసే అలవాటు కొందరికి ఉంది. ఈ ఇంజిన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లు రెండూ ఒకే పక్కన ఉంటాయి. కాలుతున్న లోహం మీద అది పడితే మంట లేస్తుంది. ఆ పని చేయకండి.

స్వయం పరీక్ష: 3, 4 సిలిండర్లు రెండింటిలోనూ కంప్రెషన్ తక్కువగా ఉంది. ఆయిల్ పోసినా పెరగలేదు. ముందుగా దేన్ని అనుమానిస్తారు? ఎందుకు?