కిరాయి ఇల్లు మారారా? ఓనరు ఇచ్చిన తాళంచెవులు కాకుండా ఇంకెన్ని ఉన్నాయో అడిగారా?

కొత్త కిరాయి ఇంట్లో దిగగానే పాలు పొంగిస్తారు. గ్యాస్, వైఫై చూసుకుంటారు. తలుపు తాళం సంగతి మాత్రం చాలామందికి గుర్తు రాదు. ఓనరు చేతిలో పెట్టిన రెండు చెవులే ఆ ఇంటికి ఉన్నవన్నీ అనుకుంటారు. తిప్పలు మొదలయ్యేది అక్కడే.

కరీంనగర్, జగిత్యాల వైపు చాలా ఇళ్ల ఓనర్లు గల్ఫ్‌లో ఉంటారు. ఇల్లు చూపించేది, కిరాయి వసూలు చేసేది తమ్ముడో, బామ్మర్దో. ఒక చెవి అతని దగ్గర ఉంటుంది. ఇంకోటి సున్నం వేసే మేస్త్రీకి ఇచ్చి ఉండొచ్చు. పాత కిరాయిదారు ఖాళీ చేసేటప్పుడు చెవులు తిరిగిచ్చినా, బజార్‌లో చేయించుకున్న డూప్లికేట్ల లెక్క ఎవరి దగ్గరా ఉండదు. వీళ్లెవరూ దొంగలు కాకపోవచ్చు. కానీ ఆ చెవి ఎవరి చేతికి చిక్కినా మీకు తెలిసే దారి లేదు. పైగా తాళం పగలకుండా సొమ్ము పోతే మొదటి అనుమానం ఇంట్లోవాళ్ల మీదకో, పనిమనిషి మీదకో పోతుంది.

భర్త దుబాయ్‌లో ఉంటే పిల్లల చదువు కోసం ఊరు విడిచి మంకమ్మతోటలోనో, భగత్‌నగర్‌లోనో కిరాయికి ఉండే ఆడవాళ్లు ఎంతోమంది. వాళ్లకు ఇది మరీ ముఖ్యం.

ఓనరు ఒప్పుకోడేమో అన్న భయం చాలామందికి ఉంటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం, కిరాయిదారు తాను బిగించుకున్న వస్తువును ఇల్లు ఖాళీ చేసేలోపు తీసుకెళ్లొచ్చు. ఇంటిని మాత్రం తీసుకున్నప్పుడు ఉన్నట్టే అప్పజెప్పాలి. కాబట్టి పాత లాక్ పారేయొద్దు, దాచిపెట్టి వెళ్లేటప్పుడు మళ్లీ బిగించండి. మార్చే ముందు ఓనరుకు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెడితే తర్వాత పంచాయితీ ఉండదు. స్పేర్ చెవి కావాలంటే కవర్‌లో పెట్టి, అతికించి, పైన సంతకం చేసి ఇవ్వండి.

తలుపులో బిగించిన లాక్ అయితే చాలావరకు లోపలి సిలిండర్ ఒక్కటి మారిస్తే చాలు. బయట వేలాడే తాళం అయితే గొళ్లెం కూడా చూడాలి. తాళం ఎంత గట్టిదైనా, పలచని గొళ్లేన్ని చిన్న రాడ్డుతో పెకిలించేస్తారు. పొట్టి స్క్రూలు తీసి పొడవాటివి వేయించడం చిన్న పనే, కానీ చేయించేవాళ్లు తక్కువ.

దొంగల భయంతో తలుపులు, కిటికీలు బిగించుకోవడంలో ఇంకో ప్రమాదం ఉంది. ఆదిలాబాద్‌లో చలికాలం రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. ఒక్క గదిలో కిరాయికి ఉండేవాళ్లు వెచ్చదనం కోసం బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుంటారు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటి గది బయటే ఉండాలి. ఊచలున్న పై కిటికీ కాస్త తెరిచి ఉంచినా ఇంట్లోకి మనిషి దూరలేడు, గాలి మాత్రం వస్తుంది. అయితే కిటికీ తెరిచాం కదా అని కుంపటి లోపల పెట్టొద్దు.

ఇక దసరాకో, నాగోబా జాతరకో ఊరెళ్లేటప్పుడు. రెండు రోజులు సాన్పు చల్లని వాకిలి, గేటు దగ్గర పడి ఉన్న పేపర్లు చాలు, ఇంట్లో ఎవరూ లేరని చెప్పడానికి. పక్కింటి అక్కకు చెప్పి వాకిలి ఊడ్పించండి, స్థానిక పోలీస్ స్టేషన్‌లో కూడా చెప్పి వెళ్లండి. బంగారం ఇంట్లో ఉంచొద్దు. బ్యాంకు ఉద్యోగి మోసం వల్లో, దొంగతనం వల్లో లాకర్‌లోని సొమ్ము పోతే ఏడాది లాకర్ కిరాయికి 100 రెట్ల వరకు బ్యాంకు బాధ్యత వహించాలని ఆర్బీఐ నిబంధన. బీరువాకు ఆ హామీ లేదు.

అయినా చోరీ జరిగితే? లోపల ఏదీ ముట్టుకోకుండా 100కో, 112కో ఫోన్ చేయాలి. ఊళ్లో ఉండగా విషయం తెలిస్తే కరీంనగర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో పంపినా చెల్లుతుంది, కాకపోతే 3 రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగానే ఇవ్వాలి.