సైక్లింగ్‌కి సన్‌గ్లాసెస్ కొంటున్నారా? రంగు కాదు, నంబర్ చూడండి

సైకిల్ మీద కళ్లకు ఎండ ఒక్కటే సమస్య కాదు. లారీ లేపే దుమ్ము, పొద్దున్నే ఎదురొచ్చే పురుగులు, సూటిగా కొట్టే గాలి కూడా ఉంటాయి. ఫ్యాషన్ కోసం కొన్న జోడు వీటన్నిటినీ ఆపలేదు.

లెన్స్ ఎంత నల్లగా ఉంటే అంత సేఫ్ అనుకుంటారు చాలామంది. అసలు ముదురు రంగుకి, యూవీ ప్రొటెక్షన్‌కి సంబంధమే లేదు. నల్లటి అద్దం వెనక కంటిపాప పెద్దదవుతుంది. యూవీ ఫిల్టర్ లేకపోతే ఆ కిరణాలు ఇంకా ఎక్కువగా లోపలికి వెళ్తాయి. కాబట్టి ముందు యూవీ400 అని ఉందో లేదో చూడండి. అంటే 400 నానోమీటర్ల వరకు యూవీ కిరణాలను ఆపుతుందని అర్థం. స్టిక్కర్ మీద నమ్మకం లేకపోతే, యూవీ మీటర్ ఉన్న కళ్లజోళ్ల షాపులో చెక్ చేయించుకోండి.

తర్వాత చూడాల్సింది కేటగిరీ నంబర్. ఇది 0 నుంచి 4 వరకు ఉంటుంది, చాలావాటికి కాడ లోపలివైపు ప్రింట్ చేస్తారు. కేటగిరీ 3 లెన్స్ 8 నుంచి 18 శాతం వెలుతురునే లోపలికి వదులుతుంది. మధ్యాహ్నం ఎండకి ఓకే. కానీ మనవాళ్లు రైడ్‌కి వెళ్లేది ఎక్కువగా తెల్లవారుజామునే కదా! ఆ వెలుతురులో కేటగిరీ 3 పెట్టుకుంటే గుంత దగ్గరికొచ్చేదాకా కనపడదు. హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన ఉన్న సోలార్ రూఫ్ ట్రాక్ మీద కూడా అంతే, పైన నీడే ఉంటుంది. ఇలాంటి చోట కేటగిరీ 1 లేదా 2 చాలు. 4 మాత్రం రోడ్డు మీదకి వద్దే వద్దు.

వెలుతురుని బట్టి రంగు మారే ఫోటోక్రోమిక్ లెన్స్ బాగానే ఉంటుంది. కాకపోతే మన ఎండాకాలం వేడిలో అది పూర్తిగా నల్లబడదు.

పోలరైజ్డ్‌కి ఎక్స్‌ట్రా డబ్బులు పెట్టాలా? మా ఓటు వద్దనే. కొన్ని ఫోన్లు, సైకిల్ కంప్యూటర్ల స్క్రీన్లు దాంట్లోంచి చూస్తే నల్లగా అయిపోతాయి. మ్యాప్ చూస్తూ రైడ్ చేసేవాళ్లకి ఇది పెద్ద తలనొప్పి. తడి రోడ్డు మీద మెరుపుని కూడా తగ్గించేస్తుంది, ఆ మెరుపుని చూసే కదా మనం బ్రేక్ వేసేది. అయినా కావాలనుకుంటే, కొనేముందు గ్లాసెస్‌ని మీ స్క్రీన్ ముందు పెట్టి మెల్లగా తిప్పి చూడండి.

మెటీరియల్ విషయానికొస్తే పాలికార్బోనేట్ తీసుకోండి. రాయి తగిలినా గాజులా ముక్కలవదు.

షాపుకి వెళ్లేటప్పుడు హెల్మెట్ కూడా తీసుకెళ్లండి. రెండూ పెట్టుకుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకి వంగి, కళ్లెత్తి దూరంగా చూడండి. పై ఫ్రేమ్ చూపుకి అడ్డొచ్చినా, కాడలు హెల్మెట్‌కి తగిలినా వేరేది అడగండి.