కొటేషన్ గుర్తుల పని లేటెక్‌కే వదిలేద్దాం

టైప్‌రైటర్‌లో మీటలు తక్కువ కాబట్టి కొటేషన్ మొదటా చివరా ఒకే నిటారు గుర్తుతో సరిపెట్టారు. కంప్యూటర్ కీబోర్డుకూ అదే వచ్చింది. అచ్చుపుస్తకంలో మాత్రం తెరిచే గుర్తు వేరు, మూసేది వేరు. ఎవరి మాట ఎక్కడ ముగిసిందో ఆ వంపే చూపిస్తుంది. 1978లో డొనాల్డ్ క్నూత్ తెచ్చిన అక్షర కూర్పు వ్యవస్థ టెక్, దానిమీద లెస్లీ లాంపోర్ట్ కట్టిన లేటెక్ ఈ తేడాను టైప్ చేసేవారికే అప్పగించాయి: తెరవడానికి రెండు బ్యాక్‌టిక్‌లు, మూయడానికి రెండు అపాస్ట్రఫీలు. అలవాటుకొద్దీ నిటారు గుర్తు మీట నొక్కితే, మామూలు ఫాంటులో రెండు వైపులా మూసే గుర్తే పడుతుంది. అందుకే లేటెక్‌కు ఉన్న సీఎస్‌కోట్స్ ప్యాకేజీలోని ఎన్‌కోట్ ఆదేశమే మేలంటాను. ఇది కొటేషన్ అని చెబితే చాలు. కొటేషన్‌లో కొటేషన్ వస్తే గుర్తు మారుస్తుంది. తగిన ఐచ్ఛికం పెడితే పత్రం భాషను బట్టి జర్మన్‌కు అడుగున తెరిచేవి, ఫ్రెంచ్‌కు కోణాల గుర్తులు వేస్తుంది.

వర్డ్ ప్రాసెసర్ తనే వంచుతుంది కదా అనవచ్చు. అది ముందున్న ఖాళీని చూసి ఊహిస్తుంది. అంకె ముందు అపాస్ట్రఫీ వస్తే తెరిచే గుర్తు వేసి తప్పుతుంది. యూనికోడ్ గుర్తులను నేరుగా టైప్ చేయడం చిన్న పత్రానికి సబబే. ప్రచురణకర్త శైలి మార్చమంటే మాత్రం ప్రతిచోటా దిద్దుకోవాలి. అయితే ప్రోగ్రామ్ కోడ్‌లో నిటారు గుర్తులే ఉంచాలి, వంపువి పెడితే సాధారణంగా కోడ్ నడవదు. థీసిస్ రాసే విద్యార్థులు మొదటి పేజీ నుంచే ఎన్‌కోట్ ఆదేశం వాడాలి.