రిమోట్ వెలుగు, కొండపల్లి ఏనుగు

భోగి నాటి మధ్యాహ్నం. పులగం తిని అందరూ హాల్లో చేరారు. సినిమా మొదలయ్యే వేళకి మా మనవడు రిమోట్‌ని అరచేతిలో టపటపా కొడుతున్నాడు.

"తాతయ్యా, సెల్స్ అయిపోయాయి."

"వెనక మూత తీసి ఓసారి తిప్పు నాన్నా" అంది వాళ్ళ అమ్మమ్మ.

ఆ మాట తీసిపారేసేది కాదు. సెల్ తిప్పితే దాని చివర, స్ప్రింగు మీద పట్టిన చిలుము కాస్త గీసుకుపోయి కరెంటుకి దారి దొరుకుతుంది. మా చిన్నప్పుడు రేడియో సెల్స్ ఎండలో పెట్టేవాళ్ళం. వేడికి లోపలి రసాయన చర్య కొంచెం చురుకై, వార్తలు అయ్యేదాకా రేడియో పలికేది.

వాడు తిప్పాడు. టీవీ ఉలకలేదు, పలకలేదు.

"కొట్టకురా. అది పని చేస్తోందో లేదో ముందు చూద్దాం. మీ అమ్మ ఫోన్ పట్రా."

సెల్ఫీ కెమెరా తెరిపించి, రిమోట్ ముక్కు దానివైపు పెట్టి మీట నొక్కమన్నాను. ఫోన్ తెర మీద, రిమోట్ చివర ఊదారంగు చుక్క ఒకటి తళుక్కు తళుక్కుమంది. వాడు ఫోన్ పక్కకి జరిపి రిమోట్‌నే చూశాడు. ఏమీ లేదు. మళ్ళీ ఫోన్‌లో చూశాడు. ఉంది! నా చెయ్యి పట్టుకుని, "మనకెందుకు కనబడదు?" అన్నాడు. ఈ వయసులో నాకు అంతకంటే తీపి ప్రశ్న లేదు.

మన కంటికి ఆనే వెలుగు ఊదా దగ్గర మొదలై ఎరుపు దగ్గర ఆగిపోతుంది. అలల పొడవులో చెప్పాలంటే సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. రిమోట్లు చిమ్మేది దాదాపు 940 దగ్గర. అదే పరారుణ కాంతి. కెమెరాలోని సిలికాన్‌కి అది కూడా తెలుస్తుంది. వెనక కెమెరాకి చాలా ఫోన్లలో ఆ వెలుగుని ఆపే ఫిల్టరు గట్టిగా ఉంటుంది, అందుకే సెల్ఫీ కెమెరా తెరిపించాను.

ఈ పరారుణ కాంతిని మొదట పసిగట్టినవాడు యురేనస్‌ని కనిపెట్టిన విలియం హెర్షెలే. 1800లో ఇంగ్లండులో, ఎండని పట్టకంలోంచి పంపి, విడిపోయిన రంగుల్లో ఒక్కోచోట థర్మామీటరు పెట్టి చూశాడు. ఎరుపు దాటాక, ఏ రంగూ పడని చోట పెట్టిన థర్మామీటరులో పాదరసం ఇంకా పైకెక్కింది. చీకటిగా కనబడే చోట వేడి! నాకు ఆ ఘట్టం ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది.

అంతవరకూ ముగ్గు డబ్బాలు సర్దుతున్న మనవరాలు తలెత్తింది. "కిటికీలోంచి ఎండ పడుతోంది కదా తాతయ్యా. ఎండలోనూ అదే ఉంటే టీవీ తికమకపడదా?"

బంగారు తల్లి! పడకుండా ఒక ఉపాయం ఉందమ్మా. రిమోట్ దీపం ఊరికే వెలగదు. చాలా రిమోట్లలో అది సెకనుకి 38,000 సార్లు ఆరి వెలుగుతుంది. టీవీ కన్ను ఆ లయలో వచ్చినదాన్నే పట్టించుకుంటుంది, నిలకడగా పడే ఎండని వదిలేస్తుంది. తిరణాలలో అంత గోలలోనూ అమ్మ పిలుపు పిల్లాడికి వినబడదూ? అలాగ. ఆ మిణుకుల గుంపుల మధ్య పొట్టి విరామాలు, పొడుగు విరామాలు ఉంటాయి. ఒక్కో మీటకి ఒక్కో వరస.

1956లో అమెరికాలో రాబర్ట్ ఆడ్లర్ రూపొందించిన రిమోట్‌కైతే సెల్స్ కూడా అక్కర్లేదు. మీట నొక్కితే చిన్న సుత్తి లోపలి అల్యూమినియం కడ్డీని కొట్టేది. చెవికి అందని ఆ మోత టీవీకి అందేది.

సరే, మన రిమోట్ నిక్షేపంగా ఉంది. మరి లోపం ఎక్కడ? పిల్లలిద్దరూ టీవీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని వెతికారు. పొద్దున్నే టీవీ బల్లకి ఆనించి బొమ్మల కొలువు పెట్టారు కదా, పైమెట్టు మీద కొండపల్లి అంబారీ ఏనుగు సరిగ్గా టీవీ కంటికి అడ్డంగా నిలబడి ఉంది!

"పేరంటం అయ్యేదాకా నా కొలువులో బొమ్మ కదపడానికి వీల్లేదు" అంది అమ్మమ్మ.

మనవడు కాసేపు ఆలోచించి వంటింట్లోకి పరుగెత్తాడు. తళతళా తోమిన స్టీలు పళ్ళెం తెచ్చి, చెల్లెల్ని ఓ పక్కన నిలబెట్టి చేతికిచ్చాడు. రిమోట్ పళ్ళెం వైపు పెట్టి నొక్కాడు. "కొంచెం ఎడమకి... ఇంకొంచెం వంచు..."

టీవీ వెలిగింది. ఏనుగు ఉన్నచోటే ఉంది.