నీడపట్టున పూసే తెల్ల లిల్లీ



మన గోదావరి డెల్టాలో పూల మొక్కలకు కొదువ లేదు. పెరట్లో మందార, గుమ్మం ముందు నందివర్ధనం, గోడవార కనకాంబరాలు ఎవరింట చూసినా ఉంటాయి. అయితే ఇంటి లోపలి సంగతి వేరు. చుట్టూ కొబ్బరిచెట్ల నీడ, పక్కన మేడ నీడ పడే ఇళ్లలో, ఉత్తరపు వరండాలో ఏ మొక్క పెట్టినా ఆకులే గానీ పువ్వు రాదు. వయసు పైబడి గడప దాటలేని పెద్దవారు, జబ్బుతో మంచాన ఉన్నవారు రోజంతా ఉండేది ఆ గదులలోనే. వారి కంటి ఎదుట ఒక పువ్వు పూయాలంటే దానికి తగిన మొక్కను ఎంచుకోవాలి. అటువంటి దుంప మొక్క ఒకటి ఉన్నది. దానిని పెంచే విధానమును ఈ నెల వివరిస్తున్నాము.

పేరు, పుట్టిల్లు

దీనిని అమెజాన్ లిల్లీ అంటారు. శాస్త్రీయ నామం యూకారిస్. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని కొలంబియా, పెరూ దేశాల అడవులు. అక్కడ పెద్ద పెద్ద చెట్ల కింద, ఎండ నేరుగా తగలని చోట పెరుగుతుంది. అందుకే దానికి నీడ అంటే భయం లేదు. వెడల్పయిన ముదురాకుపచ్చని ఆకులు ఏడాది పొడుగునా ఉంటాయి. వాటి మధ్య నుండి మూరెడు పొడవున పూలకాడ లేచి, దాని చివర నాలుగైదు తెల్లని పువ్వులు తలలు వంచుకొని విచ్చుకుంటాయి. పువ్వు మధ్యలో లేత ఆకుపచ్చ ఛాయగల చిన్న గిన్నె ఉంటుంది. మంచి సువాసన.

పేరులోనూ ఒక విశేషమున్నది. యూకారిస్ అనేది గ్రీకు మాట. 'యు' అనగా మంచిది. 'ఖరిస్' అనగా సొగసు, దయ. క్రొత్త నిబంధనలో 'కృప' అని మనం చదువుకునే చోట మూలభాషలో ఉన్నది ఈ 'ఖరిస్' అనే మాటే.

కొనేటప్పుడు జాగ్రత్త

రాజమండ్రి దగ్గర కడియం, కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక, వేమగిరి ప్రాంతాల నర్సరీలు మన రాష్ట్రానికే కాదు, ఇతర రాష్ట్రాలకూ మొక్కలు పంపుతున్నాయి. అక్కడికి వెళ్లినప్పుడు ఉత్త 'లిల్లీ' అని అడిగితే చాలదు. మన పూల బజారులో లిల్లీ అంటే దండలకు వాడే నేల సంపెంగ. దానికి నిండు ఎండ కావాలి, వరండాలో పూయదు. పీస్ లిల్లీ అని మరొకటి అమ్ముతారు. అది నీడలో పెరిగేదే, ఆకులు కూడా కొంచెం ఇలాగే ఉంటాయి, కాని దానికి దుంప ఉండదు. కాబట్టి 'అమెజాన్ లిల్లీ, యూకారిస్' అని రెండు పేర్లూ చెప్పి అడగండి. సంచి మొదట్లో మట్టి కొంచెం తొలగించి చూస్తే చిన్న ఉల్లిపాయ వంటి దుంప తగలాలి. అది గట్టిగా ఉంటే తీసుకోండి. మెత్తగా నొక్కుకుపోతే, వాసన వస్తే వద్దు. ఒకే సంచిలో రెండు మూడు దుంపలున్నది దొరికితే మరీ మంచిది.

కుండీ, మట్టి, చోటు

ఈ మొక్క ఇరుకులోనే బాగా పూస్తుంది. దుంపలు ఒకదానినొకటి ఒరుసుకొని ఉండాలి. మూడు నాలుగు దుంపలకు ఎనిమిది అంగుళాల కుండీ చాలు. పెద్ద కుండీలో మట్టి ఎక్కువ, దానితో పాటు తడి ఎక్కువ. కుండీ అడుగున నీరు పోయే రంధ్రం తప్పనిసరి.

మన డెల్టా నల్లమట్టి వరికి మంచిదే గాని, కుండీలో ఒక్కటే వేస్తే నీటిని పట్టుకొని వదలదు. ఒండ్రుమట్టి ఒక వంతు, గోదావరి ఇసుక ఒక వంతు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక వంతు కలపండి. కోనసీమ వారికి కొబ్బరి పొట్టు తేలికగా దొరుకుతుంది. దానిని రెండు మూడుసార్లు మంచినీటితో కడిగి, ఉప్పు పోగొట్టి ఎరువులో సగానికి బదులు వాడవచ్చును. దుంపను లోతుగా పాతవద్దు. దాని మెడ మట్టికి సమంగా కనబడుతూ ఉండాలి.

ఇక చోటు. నీడ అంటే చీకటి కాదు. పగటివేళ దీపం లేకుండా పుస్తకం చదువుకోగల వెలుతురు ఉండాలి. ఉత్తరపు వరండా, లేదా తెర వేసిన తూర్పు కిటికీ సరిపోతుంది. వేసవిలో నేరుగా ఎండ తగిలితే ఆకులు మాడి మచ్చలు పడతాయి. వారానికొకసారి కుండీని కొంచెం తిప్పితే మొక్క ఒకవైపే వాలిపోదు.

నీళ్ల దగ్గరే అసలు సంగతి

ఈ మొక్క నీడ వలన చావదు, మనం పోసే నీళ్ల వలన చస్తుంది. ఇంట్లో ఆరుగురు ఉంటే ఆరుగురూ వచ్చేటప్పుడొక గ్లాసు, పోయేటప్పుడొక గ్లాసు పోస్తారు. అందరికీ మొక్క మీద ప్రేమే. దుంప మాత్రం అడుగు నుండి కుళ్లిపోతుంది. ఆకులు పచ్చబడితే నీళ్లు చాలలేదనుకొని ఇంకొంచెం పోస్తారు. అంతటితో అది పోతుంది.

వేలిని మట్టిలోకి రెండు కణుపుల వరకు దించి చూడండి. తడి తగిలితే పోయవద్దు. పొడిగా ఉంటే అడుగు రంధ్రం నుండి కారేవరకు పోసి, కింది పళ్లెంలో నీటిని పారబోయండి. ఆ నీరు నిలిస్తే దుంపకు కుళ్లు, ఇంటికి దోమలు. డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది ఇటువంటి నిలవ నీటిలోనే.

దీనికి విశ్రాంతి కూడా కావాలి. ఇది మన డెల్టా రైతుకు కొత్తగా చెప్పనక్కరలేదు. దవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుండి మన సేద్యమంతా కాలువల మీద నడుస్తున్నది. వేసవిలో కాలువలు కట్టేస్తారు. అయినా దానికి ముందే ఊరి మంచినీళ్ల చెరువు నింపుకుంటాము గనుక గొంతు తడుపుకోవడానికి నీరుంటుంది. తిరిగి కాలువ వదలగానే నారుమళ్లు లేస్తాయి. ఈ దుంపకూ అలాగే చేయాలి. పూత అయిపోయాక నాలుగు వారాలు నీళ్లు బాగా తగ్గించండి. ఆకులు కొంచెం వాడినట్లు కనబడినా కంగారు పడవద్దు. పూర్తిగా ఎండనివ్వకుండా వారానికొకసారి కాసిని నీళ్లు చిలకరిస్తే చాలు. తరువాత మామూలుగా పోయడం మొదలుపెడితే కొత్త ఆకులతో పాటు పూలకాడ వచ్చే అవకాశం ఎక్కువ. ఈ విధంగా ఏడాదికి రెండు పూతలు కూడా చూడవచ్చును.

మా సంఘములో తుంటి ఎముక విరిగి మంచాన ఉన్న ఒక పెద్దావిడ ఉన్నారు. ఆమె కిటికీ దగ్గర ఈ కుండీ ఉన్నది. నీళ్లు పోయాలా వద్దా అన్నది ఇంట్లో ఆమె మాటే. చేయి చాచి మట్టి తాకి చూసి "ఇవాళ వద్దమ్మా" అని కోడలికి చెబుతారు. అన్నీ ఇతరుల చేత చేయించుకోవలసిన స్థితిలో, ఆమె నిర్ణయించేది ఇదొకటి ఉన్నది. మొక్క పచ్చగా ఉన్నది. కుండీకి ఒక్కరే యజమాని ఉండాలని మేము చెప్పేది అందుకే.

ఎరువులు, పురుగులు

చేనుకు చల్లినట్లు గుప్పెడు యూరియా వేయవద్దు. ఆకులు విపరీతంగా వచ్చి పువ్వు రాదు. మొక్క పెరిగే రోజులలో నెలకొకసారి గుప్పెడు వానపాముల ఎరువు చాలు. విశ్రాంతి కాలంలో ఏదీ వద్దు. ఆకుల మొదట్లో తెల్లని పిండినల్లి కనబడితే సబ్బునీటిలో ముంచిన గుడ్డతో తుడవండి. నల్లని ఒంటిపై తెల్ల, ఎర్ర చుక్కలుగల గొంగళిపురుగులు లిల్లీ జాతి ఆకులను తినివేస్తాయి. సాయంత్రం వెదికి ఏరివేయడమే సులువు. ఆకులమీద ఎర్రని మచ్చలు వస్తే ఆ ఆకును కోసి పారవేసి, ఇకమీదట నీళ్లు మట్టిలోనే పోయండి.

పిల్లలున్న ఇంట్లో

ఇది తప్పక గుర్తుంచుకోవలెను. ఈ దుంప చూడటానికి ఉల్లిపాయలా ఉన్నా, దానిలో లైకోరిన్ అనే విషపదార్థమున్నది. తింటే వాంతులు, విరేచనాలు, చొంగ కారడం కలుగుతాయి. దుంపలను వంటింట్లో గాని, ఉల్లిపాయల బుట్ట దగ్గర గాని ఎన్నడూ పెట్టవద్దు. పాకే పిల్లలకు, మేకలకు, కుక్కపిల్లలకు అందని ఎత్తులో కుండీ ఉంచండి. మొక్కను ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. పిల్లవాడు కొరికాడని తెలిస్తే నాటు వైద్యాలు చేయక, బలవంతంగా వాంతి చేయించక, నోరు కడిగి, 108కి ఫోన్ చేసి, మొక్క ముక్కను వెంట తీసుకొని ఆసుపత్రికి వెళ్లండి.

పంచుకోవడం

మూడు నాలుగేళ్లకు కుండీ దుంపలతో నిండి పగిలేలా ఉంటుంది. పూత అయ్యాక తీసి, వేళ్లు తెగకుండా విడదీయండి. విడదీసిన ఏడు పువ్వు రాకపోవచ్చును, విచారించవద్దు. మూడేసి దుంపలు కలిపి చిన్న కుండీలలో నాటితే, ఒక కుండీ మీకు, మిగిలినవి పక్కింటివారికి. ముఖ్యంగా గడప దాటలేని వారున్న ఇంటికి ఒకటి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు రెండు మాటలు చెప్పి ఇవ్వండి. దుంప విషం, పిల్లలకు అందనీయవద్దు. వేలు పెట్టి చూడకుండా నీళ్లు పోయవద్దు.