ఒక్క ఆజ్ఞతో లేచే పరంజా

ఇల్లు కట్టేవారు ముందుగా పరంజా కడతారు. ఆ సరుగుడు బాదులు, కొబ్బరితాళ్లు ఇంటిలో భాగాలు కావు. గోడ లేచి సున్నం పూత ఆరిన పిమ్మట వాటిని విప్పివేస్తారు. కంప్యూటరుకు ప్రోగ్రాములు వ్రాసేవారు ఈ పరంజా అనే మాటనే తమ విద్యలోనికి తెచ్చుకొన్నారు. అయితే వారి పరంజాను ఎవరూ విప్పరు. అదే క్రమంగా ఇల్లయి కూర్చుంటుంది. అందులోని సౌకర్యమూ, చిక్కూ రెండూ అక్కడినుండే పుట్టినవి.

ఒక గ్రంథాలయం తన సభ్యుల పట్టికను కంప్యూటరులో ఉంచినదనుకొందాము. ఇంటివద్ద ఉన్న సభ్యుని చేతిఫోను ఆ పట్టికలోని వివరమేదైనా కోరినప్పుడు, ఆ కోరికను అందుకొని బదులిచ్చే కిటికీ ఒకటి అవతల సర్వరులో ఉండవలెను. రైల్వేస్టేషనులో టిక్కెట్లకొక కిటికీ, విచారణకొక కిటికీ ఉన్నట్లే ఇక్కడ కూడ పనికొక కిటికీ. దీనినే ఎండ్‌పాయింట్ అంటారు. ఏ కిటికీవద్ద ఏమి అడుగవచ్చునో, ఏ తీరున అడుగవలెనో తెలిపే ఒడంబడిక మొత్తానికి ఏపీఐ అని పేరు.

ఏ పట్టికకైనా ముఖ్యమైన పనులు ఐదే: అందరినీ చూపడం, ఒకరిని చూపడం, కొత్తవారిని చేర్చడం, వివరం మార్చడం, తొలగించడం. సభ్యుల పట్టికకు వ్రాసిన ఐదింటినే పుస్తకాల పట్టికకు, చందాల పట్టికకు మళ్లీ మళ్లీ వ్రాయవలసి వస్తే మనిషికి విసుగు పుడుతుంది. విసుగులోనే తప్పులు దొర్లుతవి. కనుక ఆ వ్రాతపనిని యంత్రానికే అప్పగించారు.

ఈ మార్గంలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది 'రూబీ ఆన్ రైల్స్'. డెన్మార్కు దేశీయుడైన డేవిడ్ హైన్‌మయర్ హాన్సన్ బేస్‌క్యాంప్ అనే సాధనాన్ని నిర్మిస్తూ, అందులో ఇతరులకు కూడ పనికివచ్చే భాగాలను వేరుచేసి 2004లో లోకానికి విడుదల చేశాడు. మరుసటి సంవత్సరం, పదిహేను నిమిషాలలో ఒక బ్లాగును కట్టిచూపే చలనచిత్రాన్ని ప్రకటించినప్పుడు ప్రోగ్రామర్లు ముక్కున వేలు వేసుకొన్నారు. 2016లో వచ్చిన ఐదవ రైల్స్, తెరమీది పుటల జోలికి పోకుండా ఏపీఐని మాత్రమే కట్టే పద్ధతిని కూడ చేర్చుకొన్నది.

'రైల్స్ జెనరేట్ స్కాఫోల్డ్ మెంబర్' అని టైపుచేసి, ప్రక్కన గడుల పేర్లు చేర్చాలి: పేరు, చిరునామా, చెల్లించవలసిన అపరాధ రుసుము, గ్రంథపాలకుడా కాదా. కొద్ది క్షణాలలో పట్టికను నిర్మించే వ్రాత, ఐదు పనులు చేసే వ్రాత, కిటికీల చిరునామా, వాటిని పరీక్షించే వ్రాత సిద్ధమవుతవి. ఇందులో మంత్రమేమీ లేదు. అచ్చాఫీసులో శుభలేఖకు మూస ఉంటుంది. వధూవరుల పేర్లు, ముహూర్తం మాత్రం మారుస్తారు. ఇదీ అంతే. ఒక్క ముచ్చట చెప్పవచ్చును: మెంబర్ అంటే మెంబర్స్ అనీ, పర్సన్ అంటే పీపుల్ అనీ బహువచనం తానే చేసుకొనేపాటి ఇంగ్లీషు వ్యాకరణం దానికి వచ్చును. మన 'ఇల్లు, ఇండ్లు' దానికి తెలియదు పాపం!

మూసలోని మేలు వేయి ఇండ్లకు చేరినట్లే, మూసలోని లోపమూ వేయి ఇండ్లకు చేరుతుంది. తొలినాటి మూస, బయటినుండి వచ్చిన వివరాలను వచ్చినవి వచ్చినట్లే పట్టికలో వ్రాసుకొనేది. చిరునామా మార్చుకొనడానికి వచ్చిన సభ్యుడు, అదే కాగితంలో 'అపరాధ రుసుము సున్న, గ్రంథపాలకుడు అవును' అని రెండు ముక్కలు చేర్చి పంపితే, కిటికీ మారుమాటాడక స్వీకరించేది.

ఇది ఊహ కాదు. రష్యా దేశపు యువకుడొకడు ఈ ప్రమాదాన్ని రైల్స్ నిర్వాహకులకు తెలియజేశాడు. ఎవరి ప్రోగ్రాముకు వారే కాపలా పెట్టుకోవాలన్న ధోరణిలో సమాధానాలు వచ్చినవి. 2012 మార్చిలో అతడు, రైల్స్‌తోనే నిర్మితమైన గిట్‌హబ్‌లో ఈ దారినే ప్రవేశించి, తన తాళపుచెవిని రైల్స్ సంస్థ ఖాతాకు చేర్చుకొని, రైల్స్ భాండారంలోనే వ్రాసి చూపాడు. 2013లో వెలువడిన నాలుగవ రైల్స్‌లో మూసనే మార్చారు: అనుమతించిన గడుల జాబితా ఒకటి వ్రాసి, అందులో లేనిదానిని త్రోసివేస్తుంది.

అయినా కథ ముగియలేదు. ఆజ్ఞలో మనం చెప్పిన ప్రతి గడినీ యంత్రం ఆ జాబితాలో చేరుస్తుంది. 'గ్రంథపాలకుడా' అన్న గడిని కూడ! కలం పట్టి దానిని కొట్టివేయవలసినవాడు మనిషే. అందరినీ చూపే కిటికీ, పట్టికలోని సభ్యులనందరినీ అన్ని గడులతో సహా ఒక్కసారే బయటికి కుమ్మరిస్తుంది. తొలగించే కిటికీ, అడిగినవారెవరని విచారించదు. 2024లో వచ్చిన ఎనిమిదవ రైల్స్, వచ్చినవారి గుర్తింపును అడిగే ద్వారాన్ని నిర్మించడానికి వేరొక ఆజ్ఞను చేర్చిన మాట నిజమే. లోనికి వచ్చిన సభ్యుడు పొరుగు సభ్యుని పేరు కొట్టివేయవచ్చునా అన్నది మాత్రం ఆ ద్వారానికి తెలియదు.

యంత్రం వ్రాసి ఇచ్చే పరీక్షలను నమ్ముకొని నిశ్చింతగా ఉండేవారిని చూస్తే నాకు భయం. తొలగించే కిటికీని పరీక్షించే వ్రాత చూచేది ఒక్కటే: తొలగించమన్నప్పుడు పట్టికలో ఒక పేరు తగ్గినదా లేదా అని. తగ్గితే కృతార్థత! పరాయి సభ్యుడు అడిగినప్పుడు పట్టికలో ఒక్క పేరైనా తగ్గరాదు అనే రెండవ పరీక్షను ప్రోగ్రామరు తన చేతితో వ్రాసుకోవాలి.